ఇండోనేషియా ఫుట్‌బాల్ జట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

2024లో ఈ జట్టు సౌదీ అరేబియాను ఓడించినప్పటి నుంచి, మన దగ్గర ఫుట్‌బాల్ చూసే నలుగురు కలిస్తే అవే సందేహాలు వస్తున్నాయి. "వీళ్లు వరల్డ్ కప్ ఆడారట కదా?" "అందరూ డచ్ వాళ్లేనట కదా?" చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామనిపించింది. కాలక్రమంలో పెట్టాను కానీ ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదటి రోజులు

ఇండోనేషియా నిజంగా వరల్డ్ కప్ ఆడిందా?

ఆడింది, 1938లో, ఫ్రాన్స్‌లో. అప్పటికి ఇండోనేషియా అనే దేశం లేదు. డచ్ పాలనలో ఉన్న ఆ దీవులు "డచ్ ఈస్టిండీస్" పేరుతో బరిలోకి దిగాయి. వరల్డ్ కప్ ఆడిన మొట్టమొదటి ఆసియా జట్టు అదే. ఫిఫా ఆ రికార్డును ఇప్పటి ఇండోనేషియా ఖాతాలోనే చూపిస్తుంది.

అయితే అర్హత కోసం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ముందు జపాన్ తప్పుకుంది, తర్వాత ప్లేఆఫ్‌లో తలపడాల్సిన అమెరికా కూడా రాలేదు. అప్పట్లో టోర్నమెంట్ మొదటి రౌండ్ నుంచే నాకౌట్. జూన్ 5న రాన్స్ నగరంలో హంగేరీ చేతిలో 6-0తో ఓడారు, అంతటితో ఇంటికి. ఆ హంగేరీయే తర్వాత ఫైనల్ దాకా వెళ్లింది. ఒక్క మ్యాచ్, సున్నా గోల్స్. ఇంత పొట్టి వరల్డ్ కప్ చరిత్ర మరే జట్టుకూ లేదు.

1938 జట్టులో ఆడింది డచ్ వాళ్లా, స్థానికులా?

కలగాపులగం. జావా వాళ్లు, అంబోన్ దీవుల వాళ్లు, చైనీస్ కుటుంబాల కుర్రాళ్లు, డచ్-ఇండోనేషియా మిశ్రమ సంతతి వాళ్లు, అందరూ ఉన్నారు. గోల్‌కీపర్ తాన్ మో హెంగ్. కెప్టెన్ అహ్మద్ నవీర్ కళ్లద్దాలు పెట్టుకునే మైదానంలోకి దిగాడు. వైద్యం చదివి డాక్టర్ అయిన మనిషి. నారింజ చొక్కా, తెల్ల నిక్కరు, లేత నీలం సాక్సులు: డ్రెస్ మాత్రం పాలకులదే.

నాకు ఆ జట్టులో ఎక్కువగా గుర్తుండిపోయే పేరు ఫ్రాన్స్ మెంగ్. వరల్డ్ కప్ ఆడిన ఆరేళ్లకు, 1944 సెప్టెంబర్‌లో, జపాన్ వాళ్లు యుద్ధ ఖైదీలనూ కూలీలనూ కుక్కి తీసుకెళ్తున్న జున్యో మారు అనే ఓడ సుమత్రా దగ్గర టార్పెడో తగిలి మునిగిపోయింది. చనిపోయిన వేలమందిలో అతనూ ఒకడు.

పీఎస్ఎస్ఐ అంటే ఏంటి? ప్రతి గొడవలోనూ ఆ పేరే ఎందుకు వినిపిస్తుంది?

అది ఇండోనేషియా ఫుట్‌బాల్ సంఘం. 1930 ఏప్రిల్ 19న యోగ్యకర్తాలో, ఏడు ఊళ్ల సంఘాలు కలిసి పెట్టుకున్నాయి. మొదటి అధ్యక్షుడు సురాటిన్ సోస్రోసుగొండో, జర్మనీలో చదివిన సివిల్ ఇంజనీరు. డచ్ కంపెనీలో ఉద్యోగం చేసుకుంటూనే స్వదేశీ ఫుట్‌బాల్ సంఘం నడిపాడు. "మనమంతా ఒకే దేశం, ఒకే భాష" అని అక్కడి యువకులు ప్రతిజ్ఞ చేసింది 1928లో. దానికి రెండేళ్ల తర్వాత, స్వాతంత్ర్యానికి పదిహేనేళ్ల ముందు, "ఇండోనేషియా" అన్న మాటను సంఘం పేరులోనే పెట్టుకోవడం అంటే చిన్న తెగింపు కాదు.

డచ్ వాళ్లకు వేరే సంఘం ఉండేది. 1938 జట్టును పంపింది ఆ సంఘమే. తమతో చేసుకున్న ఒప్పందాన్ని పక్కన పెట్టారని సురాటిన్ మండిపడి దాన్ని రద్దు చేసుకున్నాడు. ఇక గొడవల సంగతంటారా, పుట్టుకే రాజకీయం మధ్యలో జరిగిన సంఘం. తర్వాత కూడా అది రాజకీయం నుంచి బయటపడలేదు.

జట్టును "గరుడ" అంటారు. అది మన గరుత్మంతుడేనా?

మన గరుత్మంతుడే, విష్ణువు వాహనం. అక్కడ జాతీయ చిహ్నమే గరుడ. ఆ బొమ్మలో రెక్కకు 17 ఈకలు, తోకకు 8, మెడకు 45. కలిపి చదివితే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న తేదీ: 17-8-1945. జట్టు చొక్కా మీద గుండె దగ్గర ఉండేది ఆ గరుడే. మామూలుగా మాట్లాడుకునేటప్పుడు మాత్రం అభిమానులు జట్టును "తిమ్నాస్" అంటారు. జాతీయ జట్టు అనే రెండు మాటల కుదింపు అది.

## 1950ల వెలుగు

సోవియట్ యూనియన్‌ను ఆపారన్నది నిజమా, అభిమానుల గొప్పలా?

నిజమే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్, నవంబర్ 29, క్వార్టర్ ఫైనల్. అవతలి గోల్‌లో లెవ్ యాషిన్. ఇవతల మకస్సర్ నుంచి వచ్చిన మౌల్వి సేలాన్. 90 నిమిషాలు, ఆపైన ఎక్స్‌ట్రా టైమ్, అయినా 0-0. పెనాల్టీ షూటౌట్ లేని కాలం కాబట్టి రెండు రోజుల తర్వాత మళ్లీ ఆడించారు. ఆ రెండో మ్యాచ్‌లో సోవియట్లు 4-0తో గెలిచి, చివరికి స్వర్ణమూ కొట్టారు.

కోచ్ టోనీ పొగాచ్నిక్ యుగోస్లావియా మనిషి. ఆటగాళ్లందరినీ వెనక్కి లాగి గోల్ ముందు గోడ కట్టించాడు. ముందు మాత్రం రామాంగ్ ఉన్నాడు. సులవేసి దీవి వాడు, పేదరికంలో పెరిగి, ఒకప్పుడు లారీ మీద క్లీనర్‌గా పనిచేసిన స్ట్రైకర్. ఆ దేశంలో పాత తరం వాళ్లు ఇప్పటికీ అందరికంటే గొప్పవాడంటే అతని పేరే చెబుతారు. సేలాన్ తర్వాత సైన్యంలో ఎదిగి అధ్యక్షుడు సుకర్ణో అంగరక్షక దళంలో ఉన్నతాధికారి అయ్యాడు. గోల్‌కీపర్‌కు తగిన ఉద్యోగమే!

అదే మెల్‌బోర్న్‌లో హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం చేతిలో ఉన్న భారత జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా ఫుట్‌బాల్‌కు ఎంత మంచి రోజులో చూడండి.

1958 వరల్డ్ కప్‌కు దగ్గరకొచ్చి ఎందుకు తప్పుకున్నారు?

ఇజ్రాయెల్‌తో ఆడాల్సి రావడం వల్ల. 1957 క్వాలిఫయర్స్‌లో చైనాను జకార్తాలో 2-0తో ఓడించారు, పెకింగ్‌లో 4-3తో ఓడారు. పాయింట్లు సమానం కావడంతో మూడో మ్యాచ్ రంగూన్‌లో పెట్టారు. అది 0-0. గోల్స్ లెక్క మీద ఇండోనేషియా ముందుకెళ్లింది. తర్వాతి గుంపులో ఇజ్రాయెల్, ఈజిప్ట్, సూడాన్. ఇజ్రాయెల్‌తో తటస్థ వేదిక మీదైతే ఆడతామన్నారు, ఫిఫా కుదరదంది, వీళ్లు తప్పుకున్నారు. ఆ మరుసటి ఏడాది టోక్యో ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచారు. మూడో స్థానం కోసం ఆడిన ఆ మ్యాచ్‌లో 4-1తో ఓడింది మనమే.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు గెలిచిన స్వర్ణం గురించి వింటాం. అప్పుడు ఇండోనేషియా జట్టు ఏమైంది?

సొంత గడ్డ మీద మొదటి దశలోనే ఇంటికెళ్లింది. ఆటల ముందు లంచాల కుంభకోణం బయటపడింది. మ్యాచ్‌లు అమ్ముకున్నారని పలువురు ముఖ్య ఆటగాళ్లను సస్పెండ్ చేశారు. సోవియట్ అప్పుతో జకార్తాలోని సెనయాన్‌లో లక్ష మంది పట్టే స్టేడియం కట్టి, అందులో ఆడించడానికి మంచి జట్టు లేకుండా చేసుకున్నారు. వియత్నాం, ఫిలిప్పీన్స్ మీద గెలిచినా మలయా చేతిలో 3-2తో ఓడి బయటికి వచ్చారు.

ఆ స్టేడియం కోపమంతా భారత్ మీదికి మళ్లింది. ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అనకూడదని భారత ప్రతినిధి జి.డి. సోంధీ అన్నాడు. జనం మన రాయబార కార్యాలయం మీద పడ్డారు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో దక్షిణ కొరియాతో ఆడుతుంటే స్టేడియం మొత్తం మనకు వ్యతిరేకంగా అరిచింది. పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు మాత్రం మన వైపు కేకలు వేశారని చెబుతారు. పీకే బెనర్జీ ఒకటి, తలకు కుట్లతోనే ఫార్వర్డ్‌గా దిగిన జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. 2-1. కోచ్ రహీం సాబ్. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో వాళ్లే. అప్పటికే క్యాన్సర్‌తో ఉన్న రహీం మరుసటి జూన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు రాలేదు.

## అందినట్టే అంది

ఒలింపిక్స్, వరల్డ్ కప్‌లకు మళ్లీ ఎప్పుడైనా దగ్గరకొచ్చారా?

1970, 80ల్లో రెండుసార్లు. 1976 ఫిబ్రవరిలో సెనయాన్‌లో ఉత్తర కొరియాతో మ్యాచ్. గెలిస్తే మాంట్రియల్ ఒలింపిక్స్. 0-0 అయ్యి పెనాల్టీల్లో 5-4తో ఓడారు. 1985లో, 1986 వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో, సిన్యో అలియాండో అనే స్వదేశీ కోచ్‌తో భారత్, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్ ఉన్న గుంపులో మొదటి స్థానంలో నిలిచారు. తర్వాతి మెట్టు మీద దక్షిణ కొరియా రెండు మ్యాచ్‌ల్లోనూ (2-0, 4-1) తొక్కేసింది.

ఆగ్నేయాసియా కప్ ఒక్కసారి కూడా గెలవలేదా?

గెలవలేదు. ఆరు ఫైనల్స్ ఆడి ఆరూ ఓడారు: 2000, 2002, 2004, 2010, 2016, 2020. వాటిలో నాలుగు థాయ్‌లాండ్ చేతిలో, ఒకటి సింగపూర్, ఒకటి మలేషియా చేతిలో. 2002ది అన్నిటికంటే చేదు. సొంత స్టేడియంలో రెండు గోల్స్ వెనకబడి, సమం చేసి, పెనాల్టీల్లో పోగొట్టుకున్నారు. మన దగ్గర క్రికెట్ ఫైనల్ ఓడితే ఒక వారం భోజనం సహించదు. అలాంటివి ఆరు అనుకోండి.

ఆగ్నేయాసియా క్రీడల్లో (సీ గేమ్స్) మాత్రం స్వర్ణాలున్నాయి. 1987లో జకార్తాలో మలేషియా మీద 1-0, 1991లో మనీలాలో థాయ్‌లాండ్ మీద పెనాల్టీలతో. తర్వాత 32 ఏళ్లు ఆగి 2023లో నామ్ పెన్‌లో మళ్లీ థాయ్‌లాండ్ మీద 5-2. ఆ చివరి ఫైనల్‌లో గోల్స్‌తో పాటు రెండు బెంచీల మధ్య కొట్లాట, వరస రెడ్ కార్డులు కూడా చూశాం. 2023ది అండర్-22 జట్టు గెలిచినది కాబట్టి సీనియర్ జట్టు ఖాతాలో కలపకండి.

కావాలని సెల్ఫ్ గోల్ కొట్టిన మ్యాచ్ కథేంటి?

1998 ఆగస్టు 31, హో చి మిన్ సిటీ, టైగర్ కప్ (ఆగ్నేయాసియా కప్‌కు అప్పటి పేరు). ఇండోనేషియా, థాయ్‌లాండ్ రెండూ అప్పటికే సెమీస్‌కు చేరాయి. గెలిచినవాళ్లు హనోయ్ వెళ్లి ఆతిథ్య వియత్నాంతో ఆడాలి. ఓడినవాళ్లు అదే ఊళ్లో ఉండి సింగపూర్‌తో ఆడొచ్చు. అంటే ఓడిపోతేనే లాభం. ఇద్దరికీ గెలవాలని లేదు.

స్కోరు 2-2. ఇంజురీ టైమ్‌లో ఇండోనేషియా డిఫెండర్ ముర్షిద్ ఎఫెండి బంతిని తన సొంత గోల్ వైపే కొట్టాడు. తమాషా ఏమిటంటే, థాయ్ ఆటగాళ్లు ఇండోనేషియా గోల్‌ను కాపాడడానికి పరిగెత్తారు. అందుకోలేకపోయారు. థాయ్‌లాండ్ 3, ఇండోనేషియా 2. ఫిఫా రెండు సంఘాలకూ 40 వేల డాలర్ల చొప్పున జరిమానా వేసింది, ముర్షిద్‌ను అంతర్జాతీయ ఫుట్‌బాల్ నుంచి జీవితకాలం నిషేధించింది. ఇంత చేసీ ఇండోనేషియా సెమీస్‌లో సింగపూర్ చేతిలో ఓడింది, థాయ్‌లాండ్ వియత్నాం చేతిలో ఓడింది. కప్పు సింగపూర్‌ది. ఒక్క ముర్షిద్ తలకే మొత్తం చుట్టడం నాకు న్యాయంగా అనిపించదు. అలాంటి షెడ్యూల్ వేసినవాళ్లకు ఏ శిక్షా పడలేదు కదా.

ఆసియా కప్‌లో చెప్పుకోదగ్గ క్షణం ఏదైనా ఉందా?

మొదటిసారి అడుగుపెట్టిన 1996లోనే ఉంది. అబుదాబిలో కువైట్‌తో మ్యాచ్. రోనీ వాబియా క్రాస్ వేస్తే, విదోదో చహ్యోనో పుత్రో గాల్లో అడ్డంగా లేచి, గోల్‌కు వీపు పెట్టి, తల మీదుగా కత్తెర కాలితో కొట్టాడు. కీపర్ కదిలేలోగా బంతి వలలో ఉంది. మసక వీడియోలో చూసినా ఒళ్లు ఝల్లుమంటుంది. మ్యాచ్ 2-2 డ్రా. తొలి గెలుపు 2004లో ఖతార్ మీద 2-1. 2007లో మరో మూడు దేశాలతో కలిసి ఆతిథ్యం ఇచ్చి, కిక్కిరిసిన సెనయాన్‌లో బహ్రెయిన్‌ను 2-1తో ఓడించారు. సౌదీ చేతిలో చివరి నిమిషాల గోల్‌తో ఓడారు, కొరియా చేతిలో 1-0తో ఓడి ఆగిపోయారు. నాకౌట్‌కు చేరింది 2024 జనవరిలో ఆడిన టోర్నీలోనే.

## ఆఫీసు గదుల్లో ఓడిన రోజులు

బహ్రెయిన్ చేతిలో 10-0 ఎలా సాధ్యమైంది?

దేశంలో రెండు లీగ్‌లు పోటాపోటీగా నడుస్తుండటం వల్ల. సంఘం ఒక లీగ్‌నే గుర్తించింది. రెండో లీగ్‌లో ఆడేవాళ్లను జాతీయ జట్టుకు తీసుకోలేదు. మంచి ఆటగాళ్లలో చాలామంది ఆ రెండో లీగ్‌లోనే ఉన్నారు. 2012 ఫిబ్రవరి 29న వరల్డ్ కప్ క్వాలిఫయర్ ఆడటానికి బహ్రెయిన్‌కు అనుభవం లేని కుర్రాళ్లు వెళ్లారు. మూడో నిమిషంలో గోల్‌కీపర్‌కు రెడ్ కార్డ్. బహ్రెయిన్ ముందుకెళ్లాలంటే కనీసం తొమ్మిది గోల్స్ తేడాతో గెలవాలి, ఇంకోచోట ఖతార్ ఓడాలి. బహ్రెయిన్ పది కొట్టింది, కానీ ఖతార్ డ్రా చేసుకుంది. స్కోరు చూసి ఫిఫా విచారణకు కూడా దిగింది. ఆ జట్టు చరిత్రలో అతిపెద్ద ఓటమి అది. మైదానంలో కంటే ముందు మీటింగుల్లో ఓడిన మ్యాచ్ అని నా అభిప్రాయం.

2018 వరల్డ్ కప్ క్వాలిఫయర్స్‌లో ఇండోనేషియా ఎందుకు లేదు?

ఫిఫా సస్పెన్షన్. 2015లో క్రీడా మంత్రిత్వ శాఖ సంఘాన్ని స్తంభింపజేసింది. ప్రభుత్వ జోక్యం కుదరదంటూ ఫిఫా మే 30న దేశాన్నే పక్కన పెట్టింది. 2016 మే 13న ఎత్తేసేసరికి 2018 వరల్డ్ కప్, 2019 ఆసియా కప్ రెండిటి దారులూ మూసుకుపోయాయి. సస్పెన్షన్ ఎత్తేసిన ఏడాదే ఆగ్నేయాసియా కప్ ఫైనల్‌కు చేరడం చూస్తే, ఆటలో దమ్ము లేక కాదని తెలుస్తుంది.

కంజురుహాన్ దుర్ఘటన జాతీయ జట్టు మ్యాచ్‌లో జరిగిందా?

కాదు. 2022 అక్టోబర్ 1న మలాంగ్ దగ్గరి కంజురుహాన్ స్టేడియంలో అరేమా, పెర్సెబయా క్లబ్‌ల మధ్య లీగ్ మ్యాచ్ తర్వాత జరిగింది. అరేమా ఓడాక అభిమానులు మైదానంలోకి దిగారు. పోలీసులు టియర్ గ్యాస్ వదిలారు, స్టాండ్స్‌లోకి కూడా. జనం ఒక్కసారిగా ఇరుకు గేట్ల వైపు పరిగెత్తారు. 135 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. స్టేడియంలో టియర్ గ్యాస్ వాడకూడదని ఫిఫా భద్రతా నియమాల్లోనే ఉంది.

అండర్-20 వరల్డ్ కప్ చేతికొచ్చి ఎలా జారిపోయింది?

ఆ టోర్నీకి ఇజ్రాయెల్ అర్హత సాధించింది. వాళ్లను మా దగ్గర ఆడనివ్వబోమని బాలి గవర్నర్‌తో సహా కొందరు నాయకులు పట్టుబట్టారు. 2023 మార్చి 29న ఫిఫా ఆతిథ్యం రద్దు చేసింది, తర్వాత అర్జెంటీనాకు ఇచ్చింది. ఆతిథ్య హోదాతో ఆడాల్సిన కుర్రాళ్లు ఏడ్చారు. అదే ఏడాది నవంబర్‌లో జరిగిన అండర్-17 వరల్డ్ కప్ ఆతిథ్యాన్ని ఫిఫా పెరూ నుంచి తీసేయడంతో అది ఇండోనేషియాకు దక్కింది.

## ఇప్పటి జట్టు

ఇన్ని డచ్ పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? డబ్బిచ్చి కొన్నారా?

ఈ ప్రశ్న అడిగినంతగా ఇంకేదీ అడగరు. ఫిఫా నియమం ప్రకారం తల్లిదండ్రులో, తాత, అమ్మమ్మ, నానమ్మల్లో ఒకరో ఆ దేశంలో పుట్టి ఉంటే చాలు. మూడున్నర శతాబ్దాల డచ్ సంబంధం ఉన్న దేశంలో అలాంటి కుటుంబాలకు కొదవేముంది? 1951లో డచ్ వలస సైన్యంలో పనిచేసిన మలుకు దీవుల సైనికులనూ కుటుంబాలనూ, దాదాపు 12,500 మందిని, ఓడల్లో నెదర్లాండ్స్‌కు తరలించారు. కొన్నాళ్లకే తిరిగి వెళ్తామనుకున్నారు. వెళ్లలేదు. వాళ్ల పిల్లలు, మనవలు అక్కడి క్లబ్‌లలో ఆట నేర్చుకున్నారు. డచ్ జట్టుకు ఆడిన సైమన్ తహమాతా, జియోవానీ వాన్ బ్రాంక్‌హార్స్ట్‌ల మూలాలు కూడా మలుకువే. అంటే ఒకప్పుడు ప్రతిభ అటు వెళ్లింది, ఇప్పుడు ఇటు వస్తోంది.

పని జరిగే తీరు: సంఘం దరఖాస్తు పెడుతుంది, పార్లమెంటు కమిటీలు ఆమోదిస్తాయి, అధ్యక్షుడి ఉత్తర్వు వస్తుంది, ఆటగాడు జెండా ముందు ప్రమాణం చేస్తాడు. పెద్దవాళ్లకు రెండు పౌరసత్వాలు అక్కడి చట్టం ఒప్పుకోదు కాబట్టి డచ్ పాస్‌పోర్ట్ వదులుకోవాలి. యూరప్‌లో ఆడుకునే కుర్రాడికి అది చిన్న విషయమేం కాదు. గోల్‌కీపర్ మార్టెన్ పేస్ కేసు స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం దాకా వెళ్లి 2024 ఆగస్టులో తేలింది.

కొన్నారనడం తప్పు. కానీ స్థానిక కుర్రాళ్లకు చోటు తగ్గుతోందన్న బాధ అక్కడి అభిమానుల్లో కూడా ఉంది, అందులో న్యాయమూ ఉంది.

షిన్ తే-యోంగ్ అంత ఏం చేశాడు?

దక్షిణ కొరియాను 2018 వరల్డ్ కప్‌లో నడిపిన ఈ కోచ్ 2020లో వచ్చాడు. కుర్రాళ్లకు పెద్ద పీట వేశాడు, ఒంటి దృఢత్వం మీద పట్టుబట్టాడు. వేయించిన తిండి మానేయమన్నాడు. జకార్తా వీధుల్లో గోరెంగాన్, అంటే మన బజ్జీల్లాంటివి, తింటూ పెరిగిన కుర్రాళ్లకు ఇది ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆసియా కప్‌లో మొదటిసారి నాకౌట్, 2024లో అండర్-23 జట్టుతో దక్షిణ కొరియానే పెనాల్టీల్లో పడగొట్టి ఆసియా సెమీస్, 2024 నవంబర్ 19న జకార్తాలో మార్సెలినో ఫెర్డినాన్ రెండు గోల్స్‌తో సౌదీ మీద 2-0. ఇంత చేశాక 2025 జనవరిలో తీసేశారు.

2026 వరల్డ్ కప్‌కు ఎంత దూరంలో ఆగారు?

నాలుగో రౌండ్‌లో. షిన్ స్థానంలో మాజీ డచ్ స్ట్రైకర్ ప్యాట్రిక్ క్లూయివర్ట్ వచ్చాడు. మూడో రౌండ్‌లో అతని మొదటి మ్యాచ్‌లోనే ఆస్ట్రేలియా చేతిలో 5-1తో ఓడారు, తర్వాత బహ్రెయిన్, చైనాల మీద 1-0 చొప్పున గెలిచారు. ఆ మూడో రౌండ్‌లో మిగిలిన ఆగ్నేయాసియా జట్టు ఇదొక్కటే. 2025 అక్టోబర్‌లో, నాలుగో రౌండ్‌లో, సౌదీ చేతిలో 3-2, ఇరాక్ చేతిలో 1-0 ఓడటంతో కథ ముగిసింది. అదే నెలలో క్లూయివర్ట్ కూడా వెళ్లిపోయాడు. క్వాలిఫయర్స్ మధ్యలో కోచ్‌ను మార్చడం తప్పని అప్పుడే అనుకున్నాను, ఇప్పటికీ అదే మాట.

మ్యాచ్ చూడాలంటే మన టైమ్ ఎంత?

జకార్తా గడియారం మనకంటే గంటన్నర ముందు. అక్కడ రాత్రి ఏడున్నరకు మొదలైతే మనకు సాయంత్రం ఆరు. పెద్ద మ్యాచ్‌లు ఎక్కువగా జకార్తాలోని గెలోరా బుంగ్ కర్నోలో (పాత సెనయాన్ స్టేడియమే, ఇప్పుడు సుమారు 77 వేల సీట్లు), కొన్ని సురబయాలో ఉంటాయి. పది నిమిషాలు ముందే టీవీ పెట్టుకోండి. జాతీయ గీతానికి స్టేడియం మొత్తం ఎరుపుగా లేచి నిలబడి పాడుతుంది. కొన్నిసార్లు ఆటకంటే అదే బాగుంటుంది.